మూడు యాభైరెండుకి తిరిగిన ఫ్యాను

శవాన్ని దించి రెండు రోజులైంది గాని, నిచ్చెన ఇంకా స్తంభానికే ఆనించి ఉంది. సాక్ష్యమని కొందరు, అపశకునమని కొందరు, మనకెందుకొచ్చిన గొడవని అందరూ దాని చుట్టూ తిరిగి పోతున్నారు.

టెస్టరు ఆ నిచ్చెన మొదట్లో గొంతుక్కూర్చుని పైకి చూశాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట కరెంటు టెస్టరు పెట్టుకుంటాడు గనక అతనికి ఆ పేరు. ఇరవై రెండేళ్లు ఇళ్లకి వైరింగు చేసి, తర్వాత కాలిపోయిన కొట్ల గుట్టు లాగి ఇన్సూరెన్సు కంపెనీల చేతిలో పెడుతూ పెడుతూ డిటెక్టివైపోయాడు. ఏడో తరగతి దాటలేదు. దాటినవాళ్లు అబద్ధమాడితే పట్టుకోవడంలో ఉన్న సరదా అతనికి ఇంకెందులోనూ లేదు.

మంగళవారం జరిగింది ఇంతే. గాలివానకి రెండూ పదికి కరెంటు పోయింది. కొమ్మ విరిగి ఈ స్తంభం దగ్గర తీగ తెగింది. మూడూ ముప్పై అయిదుకి లైన్‌మన్ నిచ్చెనెక్కాడు. మూడూ యాభైరెండుకి తెగిన తీగ కొస పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది. కరెంటు లేని వీధిలో కరెంటు కొట్టి మనిషి చచ్చిపోయాడు.

నేరం సబ్‌స్టేషన్ ఆపరేటరు మీద పడింది. మనిషి స్తంభం మీద ఉండగానే లైను వేశాడన్నారు. ఆపరేటరు ఒకప్పుడు టెస్టరుతో కలిసి వైర్లు లాగినవాడు. అతని భార్య నిన్న గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, "అన్నయ్యా, మా ఆయన మీట ముట్టుకోలేదు. ఆయన పిరికివాడు, ఇంట్లో బల్బు మార్చాలన్నా రెండుసార్లు స్విచ్చి చూసుకుంటాడు. పిరికివాడు మనిషిని చంపుతాడా?" అంది. ఆ ఒక్క మాటకి టెస్టరు కేసు ఒప్పుకున్నాడు.

ఇవాళ అయిదు గంటలకి విచారణ నివేదిక పోలీసులకి వెళ్తుంది. ఇప్పుడు మూడూ ఇరవై. పడమటి నుంచి మళ్లీ మబ్బు కమ్ముకొస్తోంది.

"ఏమయ్యా, స్తంభానికి మొక్కుకుంటున్నావా?"

వెనక్కి తిరక్కుండానే టెస్టరు గొంతు గుర్తుపట్టాడు. కరెంటాఫీసు విచారణాధికారి. చంకలో ఫైలు లేకుండా ఎవరూ చూడలేదు గనక కింది ఉద్యోగులు ఆయన్ని ఫైలు సారు అంటారు.

"దణ్ణం పెడితే చెప్తుందేమోనని సార్. మనుషులెలాగూ చెప్పడంలేదు."

"మనుషులు చెప్పారు. టైలరు సంతకం పెట్టాడు." ఫైలు సారు కాయితం తీసి గాలికి ఎగరకుండా వేలితో నొక్కి చదివాడు. "'సుమారు మూడు గంటల యాభై నిమిషాలకు కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, మళ్లీ పోయింది.' వీధిలో ఫ్యాను తిరిగిందంటే లైను వేసినట్టు. లైను వేసేది ఆపరేటరు. ఇది మూడో తరగతి లెక్క. నువ్వు ఏడు దాకా చదివావుగా!"

"సబ్‌స్టేషన్ పుస్తకంలో రెండూ పది నుంచి అయిదూ అయిదు దాకా లైను ఆపే ఉందని రాసుంది."

"రాసిందెవరు? ఆ ఆపరేటరే. దొంగని సాక్ష్యం అడుగుతున్నావు."

టెస్టరు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "సార్, లైన్‌మన్ తీగని భూమికి కట్టాడా, పొరపాటున కరెంటొచ్చినా నేలలోకి పోయేలా?"

"కట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు కట్టాడు."

"తోక వైపు?"

"తోక వైపు ఎందుకు కడతారయ్యా? తెగిపోయిన తీగకి అవతలున్నవి మూడిళ్లు. అటు నుంచి కరెంటు ఎలా వస్తుంది, వానపాముల్లోంచి వస్తుందా?" ఫైలు సారు నవ్వి ఫైలు మూశాడు. "అయిదింటికి సంతకం పెడతాను. నీకు మిగిలింది గంటా నలభై నిమిషాలు. మొక్కుకో."

టెస్టరుకి ఒళ్లు మండింది గాని, మంట ఆయన మీద కాదు. వానపాములన్న మాట చెవిలో ఇరుక్కుంది.

స్తంభానికి ఇవతల, ట్రాన్స్‌ఫార్మర్ వైపు, మొదటిది జిరాక్సు కొట్టు. కొట్టువాడు కాయితాల కట్ట మీద చెయ్యేసి పేపరు చదువుతున్నాడు.

"మంగళవారం కరెంటు పోయి మధ్యలో ఒకసారి వచ్చిందట కదా?"

"ఎవడన్నాడు?"

"టైలరు."

"టైలరుకి వచ్చిందేమో, నాకు రాలేదు సారూ. ఎవరిదో ఇంటి దస్తావేజు సగం లోపల, సగం బయట. మిషన్లో నాలిక బయటపెట్టినట్టు ఉండిపోయింది. ఆ ఆసామి కుర్చీలోంచి కదిలితే ఒట్టు. రెండూ పది నుంచి నా ప్రాణం తీశాడు. అయిదూ అయిదుకి కరెంటొచ్చి కాయితం బయటికొచ్చాక గాని లేవలేదు. మధ్యలో ఒక్క క్షణం వచ్చినా మిషను గుర్రుమనేది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం, పిల్లాడికి జ్వరమొస్తే చూసినట్టు."

టెస్టరు స్తంభం దాటి అవతలికి నడిచాడు. తోక వైపు మూడిళ్లు. మొదటిది టైలరు, తర్వాత ఒక ముసలమ్మ, చివరన నీలం గేటు ఇల్లు.

టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడాడు. "వచ్చింది సారూ. ఒట్టు. ఫ్యాను తిరిగింది, రేడియో అరిచింది, ఇస్త్రీపెట్టె ఎర్ర లైటు వెలిగింది. ఒక్క నిమిషం. మళ్లీ టప్‌మని పోయింది. ఆ వెంటనే కేకలు."

పక్కింటి ముసలమ్మ తలుపు సందులోంచే చెప్పింది. "నా నీళ్ల మోటారు స్విచ్చి మర్చిపోయి వేసే ఉంచాను నాయనా. ఒక్కసారి మూలిగింది. చస్తూ చస్తూ మూలిగినట్టు."

టెస్టరు వీధి మధ్యలో నిలబడిపోయాడు. తెగిన తీగకి ఇవతల, సబ్‌స్టేషన్‌కి దగ్గరున్న జిరాక్సు మిషను కదల్లేదు. తెగిన తీగకి అవతల, ఏ దారీ లేని చోట, ఫ్యాను తిరిగింది. సబ్‌స్టేషన్ నుంచి కరెంటు వస్తే ముందు కాయితం బయటికి రావాలి. రాలేదు. అంటే కరెంటు ముందు నుంచి రాలేదు. వెనక నుంచి వచ్చింది.

వెనక నీలం గేటు ఒక్కటే ఉంది. గేటు లోపల షెడ్డులో తెల్లటి కారు. పొగగొట్టం లేని కారు.

తలుపు తీసినావిడకి యాభై దాటి ఉంటాయి. లెక్కల టీచరట, భర్త కోసం మూడేళ్ల కింద ఉద్యోగం మానేసిందట. ఆవిడ టెస్టరు మొహం వైపు ఒక క్షణం ఎక్కువే చూసింది. అతను దాన్ని భయం అనుకున్నాడు.

"ఇన్సూరెన్సు వాళ్లా?"

"ఆపరేటరు తరపు మనిషిని అమ్మా. నాలుగు ముక్కలు అడిగి పోతాను."

లోపలి గదిలో ఒక మిషను చప్పుడు చేస్తోంది, పెద్ద పిల్లి గురకపెట్టినట్టు. మంచం మీద మనిషి, ముక్కుకి సన్నటి గొట్టాలు. ఆ మిషను గాల్లోంచి ప్రాణవాయువు లాగి ఇస్తుంది. కరెంటు పోతే దాని సొంత బ్యాటరీ పది నిమిషాలు.

"మంగళవారం మూడు గంటలు కరెంటు లేదు. ఆయనకి ఎలా గడిచింది?"

"కారు మీద."

"కారు మీదంటే?"

"ఈ కారు కొన్నదే అందుకు. దాని బ్యాటరీలోంచి ఇంటికి కరెంటు తీసుకోవచ్చు. రెండు రోజులు నడుస్తుంది." గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ముందే బట్టీపట్టినట్టు. "ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి మిషనుకి ఇచ్చాను. అంతే."

"ఎక్స్‌టెన్షన్ బాక్సు చూపిస్తారా?"

తెచ్చింది. కొత్తది. ప్లాస్టిక్ కవరు మీద అంటించిన చీటీ కూడా ఊడలేదు. టెస్టరు దాన్ని తిప్పి చూసి తిరిగి చేతిలో పెట్టాడు. నిన్నో మొన్నో కొట్లోంచి వచ్చిన సరుకది.

షెడ్డులోకి వెళ్లాడు. కారు పక్క గోడకి అడుగెత్తున పెద్ద సాకెట్టు. దాని మూడు కంతల్లో ఒకటి నల్లగా కమిలి ఉంది. ఇంట్లోంచి కరెంటు తీసుకునే సాకెట్టు అలా కమలడం చూశాడు గాని, పక్కనే కారు చార్జింగుకి వేరే పెట్టె ఉండగా ఇది దేనికి?

"కారు తాళం ఒకసారి ఇస్తారా అమ్మా?"

ఇవ్వనంటే అనుమానం వచ్చేది. ఆవిడ ఇచ్చింది. స్టీరింగు పక్కన తెర వెలిగింది. టెస్టరుకి ఇంగ్లీషు అంతంతమాత్రం గాని, అంకెలు ఏ బడీ నేర్పక్కర్లేదు. మంగళవారం. బయటికి కరెంటు ఇవ్వడం మొదలు రెండూ పదహారు. ఆగింది మూడూ యాభైరెండు, మళ్లీ మొదలు మూడూ యాభై ఎనిమిది. ఆగినదాని పక్కన ఎర్ర అక్షరాలు.

"ఇదేమిటమ్మా?"

"...ఓవర్‌లోడు."

"ఒక్క గాలి మిషనుకి ఓవర్‌లోడా? టైలరు ఇస్త్రీపెట్టె, ముసలమ్మ మోటారు, స్తంభం మీద మనిషి. అవన్నీ కలిస్తే ఓవర్‌లోడు." అతని గొంతు లేచింది. "మీరు మిషనుకివ్వలేదు. గోడ సాకెట్లోంచి వెనక్కి ఇల్లంతటికీ ఇచ్చారు. అందుకు రెండు కొసలా మొగపిన్నులున్న వైరు కావాలి. ఒక కొస కార్లో, ఒక కొస గోడలో. అది కొట్లో అమ్మరు. అమ్మితే జైలు. ఎవడో చేతకాని వెధవ, పని రాని వెధవ కూర్చుని కట్టి ఇవ్వాలి. వాడి చేతులు నరకాలమ్మా!"

ఆవిడ వంటింటి గుమ్మం పక్కనున్న మెయిన్ బోర్డు వైపు నడిచింది. టెస్టరు వెంట నడిచాడు.

మెయిన్ స్విచ్చి పిడికి ఎర్ర దారం కట్టి ఉంది. రంగు వెలిసింది. రెండు చుట్లు, మధ్యలో మెలి, కొస లోపలికి దోపి ఉంది.

టెస్టరు దాన్ని గుర్తుపట్టాడు. ఆ ముడి చెప్పులు కుట్టే తన తండ్రి ముడి. ఈ పట్నంలో ఇంకెవరికీ రాదు.

"బయటి కరెంటు పెట్టేటప్పుడు మెయిన్ దించెయ్యాలి," అంది ఆవిడ, పాఠం అప్పజెప్పినట్టు. "అప్పుడు మన కరెంటు వీధిలోకి పోదు. మర్చిపోకుండా ఎర్ర దారం కట్టాను చూడండి. ఇది కిందకున్నంత సేపూ ఏం కాదు. నాదీ పూచీ. అలా చెప్పారు."

"ఎవరు?"

ఆవిడ బట్టలుతికే మిషను మూత తీసింది. తడి దుప్పటి కిందనుంచి నల్లటి వైరు లాగింది. రెండు కొసలా మూడేసి ఇత్తడి పిన్నులు. మెడ దగ్గర నల్ల టేపు, దాని మీద ఒక పసుపు చుట్టు. పని బాగా కుదిరినప్పుడు మాత్రమే టెస్టరు ఆ పసుపు చుట్టు వేసేవాడు. ముచ్చట పడి వేసేవాడు.

"మీరు గేటు తీసినప్పుడే గుర్తుపట్టాను. అప్పుడు జుట్టు నల్లగా ఉండేది. పాత ఇంట్లో, ఆరేళ్ల కింద, జనరేటరుకని చేసి ఇచ్చారు. ఇల్లు మారినా దారం విప్పి జాగ్రత్తగా తెచ్చి, మీరు కట్టినట్టే మళ్లీ కట్టుకున్నాను. ముడి కూడా మీరే నేర్పారు." వైరు అతని వైపు చాచింది. "చేతులు నరకాలన్నారు. కత్తిపీట తెమ్మంటారా?"

టెస్టరు వైరు అందుకోకపోతే ఆవిడ దాన్ని బట్టల మిషను మీద పెట్టింది. తన చేతులెక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. జేబులో పెడితే టెస్టరు తగిలింది, తీసేశాడు.

"మెయిన్... ఎత్తింది..."

"నేనే. కారు చార్జి తగ్గుతోంది. కరెంటు వచ్చిందో లేదో ఎలా తెలియాలి? చీకటైతే పక్కింట్లో దీపం చూసి తెలుసుకుంటాం. పట్టపగలు ఎలా తెలుస్తుంది? ఇంట్లో అన్నీ కారు మీద తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కసారి ఎత్తి చూద్దామని ఎత్తాను. ఎత్తగానే టైలరు రేడియో వినపడింది. హమ్మయ్య, కరెంటొచ్చిందనుకున్నాను." ఆవిడ మెయిన్ పిడి వైపు చూసింది. "నా కరెంటే వాళ్లింట్లో మోగితే, వీధి కరెంటు వచ్చిందనుకున్నాను. కారు దగ్గర వైరు తీయడానికి వెళ్లేసరికి టప్‌మని ఆగింది. అప్పుడు కేకలు. మెయిన్ దించి, మిషనుని మళ్లీ కారు మీద వేశాను. పిల్లలకి ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను నేను."

లోపలినుంచి మంచం మీది మనిషి ఊపిరికీ ఊపిరికీ మధ్య అన్నాడు. "చెప్పెయ్యవే... అంటున్నా... రెండు రోజుల్నించి... వినదు."

"నేను జైలుకెళ్తే మీకు గాలి ఎవరు పెడతారు?" అంది ఆవిడ అటు తిరిగి, కోపంగా. ఆ కోపం చూడలేక టెస్టరు గోడ వైపు చూశాడు.

మెయిన్ ఎత్తకండి అని చెప్పాడు. ఎత్తడానికి వీల్లేకుండా ఎందుకు చెయ్యలేదు? చేంజోవర్ స్విచ్చి అని ఒకటుంటుంది. పిడి అటుంటే వీధి, ఇటుంటే కారు, రెండూ కలవడం బ్రహ్మతరం కాదు. అది పెడితే ఒక పూట పని. తను దారం ముక్కతో తేల్చేశాడు. చదువుకున్నవాళ్లకి చేతపని తెలియదని జన్మంతా ఎగతాళి చేసినవాడు, ఒక మనిషి ప్రాణాన్ని దారానికి కట్టి పూచీ ఇచ్చాడు.

"బాగుందయ్యా, బ్రహ్మాండంగా ఉంది."

గుమ్మంలో ఫైలు సారు. ఎంతసేపట్నించి ఉన్నాడో. చెప్పులు విప్పి చప్పుడు కాకుండా వచ్చాడు.

"అంతా విన్నాను. ఇప్పుడు నా మాట విను." గొంతు తగ్గించాడు. "ఆ వైరు ఇటివ్వు. నువ్వు ఇక్కడికి రాలేదు, నేనూ రాలేదు. నువ్వు జైలు తప్పించుకుంటావు, ఈవిడ మొగుడు బతుకుతాడు."

"ఆపరేటరు?"

"రెండేళ్లు. బయటికొచ్చాక ఎక్కడో పని చూద్దాం."

టెస్టరు ఆయన మొహంలోకి చూశాడు. ఇంత దయ ఫైలు సారు లోపల పుట్టే సరుకు కాదు. "మీకేం నష్టం సార్, నిజం బయటికొస్తే?"

సమాధానం టీచరమ్మ చెప్పింది. "చేంజోవర్ పెట్టించుకుంటాం, అనుమతివ్వండని మేం దరఖాస్తు పెట్టి నాలుగు నెలలైంది. వీరి సంతకానికే ఆగింది. మూడుసార్లు తిరిగాను. రేపు రండమ్మా అన్నారు."

ఫైలు సారు చంకలోని ఫైలుని ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు. ముగ్గురిలో ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడలేకపోయారు.

టెస్టరుకి ఆశ పుట్టింది. అదే అతన్ని జీవితాంతం కాల్చిన సంగతి. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, వైరు ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోదామనిపించింది. గుమ్మంలో నిలబడి లోపలికి రాని ఆపరేటరు భార్య గుర్తొచ్చింది. అయినా అనిపించింది.

అప్పుడు ఉరిమింది. కిటికీ రెక్కలు ఫట్‌మని కొట్టుకున్నాయి. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. లోపలి గదిలో మిషను కీచుమని అరవడం మొదలెట్టింది.

టీచరమ్మ చెయ్యి అలవాటుగా నల్ల వైరు మీదకి పోయింది.

"ముట్టుకోకండి!" టెస్టరు ఆ కొత్త ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కుని షెడ్డులోకి పరిగెత్తాడు. ఒక కొస కార్లో గుచ్చాడు, రెండో కొస కిటికీలోంచి గదిలోకి విసిరాడు. "ఇల్లంతా వద్దు. మిషనొక్కటే దీన్లో పెట్టండి!"

కీచు ఆగింది. పిల్లి గురక మొదలైంది. గోడ సాకెట్టు జోలికి పోలేదు, మెయిన్ జోలికి పోలేదు. అర నిమిషం పని. ఆరేళ్ల కింద ఇంత మాత్రం చెప్పడానికి తనకేం రోగం వచ్చింది?

టెస్టరు లోపలికి తిరిగొచ్చేసరికి ఫైలు సారు ఫోను మోగింది. విని, "ఎన్ని చోట్ల తెగింది? నాలుగా? సరే, మనుషుల్ని ఎక్కించండి," అన్నాడు.

ఎక్కించండి. ఆ మాట టెస్టరు వీపు మీద చన్నీళ్లలా పడింది. నాలుగు స్తంభాలు. వాటి మీద నలుగురు. తోక వైపు ఎవరూ భూమికి కట్టరు, అటు వానపాములే ఉంటాయి గనక.

"సార్, ఎవర్నీ ఎక్కనివ్వకండి. రెండు వైపులా భూమికి కట్టాకే తీగ ముట్టుకోమనండి. ఇప్పుడే, ఈ నిమిషమే."

"ఒక్క వైరు కోసం ఊరంతా..."

"ఒక్కటి కాదు సార్."

ఫైలు సారు ఫోను చెవినుంచి దించాడు.

"పద్నాలుగు," అన్నాడు టెస్టరు. "పద్నాలుగు కట్టాను. పసుపు చుట్టు వేసి మరీ ఇచ్చాను. పద్నాలుగిళ్లూ నాకు తెలుసు. అప్పుడు జనరేటర్లు, ఇప్పుడు సగం ఇళ్లలో ఇలాంటి కార్లొచ్చాయి. వైరు ఎవడూ పారేసి ఉండడు, బాగా చేశాను గదా! రాసుకోండి. మొదటిది మా చెల్లెలిల్లు. పాత సినిమాహాలు వెనక."

వాన మొదటి చినుకులు షెడ్డు రేకు మీద పడ్డాయి. ఫైలు సారు ఫైలు తెరిచాడు. టైలరు సంతకం పెట్టిన కాయితం వెనక్కి తిప్పి, పెన్ను మూత తీసి, ఆగాడు.

"లైన్‌మన్లు అడుగుతారయ్యా. పని ఆపమంటే ఎవరు చెప్పారంటారు. ఎవరు చెప్పారని చెప్పను?"

టెస్టరు నల్ల వైరు అందుకుని ఆయన ఫైలు మీద పెట్టాడు.

"కట్టినవాడే చెప్పాడని చెప్పండి."